మూడుసార్లు పిలవాలి

గాలి.

ముందుగా గాలి ఒక్కటే వినిపిస్తుంది.

టేకాకుల మీదుగా వచ్చే గాలి... ఎండాకు ఎండాకును రాసుకుంటున్న చప్పుడు. మధ్యలో ఎక్కడో దూరంగా ఒక ట్రాక్టరు. పాల్వంచ దాటి అడవి మొదలయ్యే చోట, నెత్తి మాడే ఎండలో, చేతిలో చిన్న మైకు పట్టుకుని గంటన్నర కదలకుండా నిలబడితే దొరికిన గాలి అది. ఎవరైనా చూసి ఉంటే పిల్లకు మతి పోయిందనుకునేవారు.

తర్వాత ఫోన్ తెర మీద మెల్లగా వెలుతురు పరుచుకుంటుంది.

ఎర్రమట్టి బాట.

బాట మీద పాడె. పాడె మీద అమ్మ.

ఇదొక ఆట. నిజంగానే ఆట... ఫోనులో వేలితో ఆడుకునే వీడియో గేమ్. ఇందులో తుపాకులు లేవు, కార్లు లేవు, నాణేలు ఏరుకోవడం లేదు. ఉన్నది ఒక్కటే దారి, ఇంటి గుమ్మం నుంచి శ్మశానం దాకా. ఆ దారిన నడిచేది చచ్చిపోయినామె కూతురు. ఆడేవాళ్లంతా ఆ కూతురే.

కట్టింది మనోజ్ఞ. ఇరవై ఆరేళ్లది. ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో, లేడీస్ హాస్టల్ పైన ఒంటి గదిలో, రెండేళ్లుగా ఇదే పని. బొమ్మలు వేసేది భవాని. ఆమెది చర్ల అవతల అడవి పల్లె. ఇద్దరూ పాల్వంచలో కలిసి చదువుకున్నారు. ఆ గదిలో ఒక ఫ్యాను, రెండు లాప్‌టాప్‌లు, ఒకటే దుప్పటి... దాని కోసం రోజూ పోట్లాట.

మనోజ్ఞకు ఈ ఆట ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి.

మూడేళ్ల కిందట వాళ్లమ్మ నాగలత చనిపోయింది. ఐదు రోజుల జ్వరం. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయిన మనిషిని తెల్లారేసరికి ఇంటికి తెచ్చారు. మనోజ్ఞ ఖమ్మం నుంచి బస్సు దిగి పరుగెత్తుకొచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి.

వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు కల్వర్టు దాకే వస్తారు. అది ఆనవాయితీ. కల్వర్టు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, స్నానాలకు పోతారు. ఆ పైన మగవాళ్లే.

మనోజ్ఞనూ ఆపారు. ఒక రెక్క పెద్దమ్మ పట్టుకుంది. ఇంకో రెక్క మేనత్త పట్టుకుంది. ప్రేమగానే పట్టుకున్నారు. ప్రేమగా పట్టుకున్న చేతులు విడిపించుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

అక్కడి నుంచి చూసింది. పాడె చిన్నదైపోతూ పోయింది. వేపచెట్టు దాటాక ఆగింది.

దించారు.

దింపుడు కళ్లం. శ్మశానం చేరకముందే పాడెను ఒకసారి నేల మీద దించుతారు. అయినవాళ్లు తల దగ్గర కూర్చుని, చెవిలో పేరు పెట్టి, మూడుసార్లు పిలుస్తారు. ఏమో... ప్రాణం ఇంకా ఏ మూలన్నా ఉందేమో, పిలిస్తే పలుకుతుందేమో. పలకకపోతేనే మళ్లీ ఎత్తుతారు. మనిషి మీద మనిషికి మిగిలే ఆఖరి ఆశ అది.

మనోజ్ఞకు ఏమీ వినబడలేదు. ఎవరు పిలిచారో, ఎలా పిలిచారో... గాలి అటువైపే కొడుతోంది. ఎవరో వంగడం కనిపించింది. లేవడం కనిపించింది. మళ్లీ ఇంకెవరో వంగారు. తర్వాత పాడె లేచింది. అంతే.

నేను పిలిచి ఉంటే?

పిచ్చి ఆలోచన. ఆమెకూ తెలుసు. డాక్టరు సంతకం పెట్టిన కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. అయినా ఆ ఆలోచన మూడేళ్లుగా ఆమె వెంటే తిరిగింది. బస్సులో పక్క సీట్లో కూర్చుంది. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంది. ఒక్కసారి పిలవాలి, అమ్మను ఒక్కసారి పిలవాలి... ఆ కూతురికి కావలసింది అదొక్కటే.

అందుకే ఈ ఆట.

*

ఆటలో కూతురు కల్వర్టు దగ్గర ఆగదు.

అక్కడ ఆడవాళ్లు వచ్చి రెక్కలు పట్టుకుంటారు. తెర మీద బటన్ రాదు. బాణం గుర్తు రాదు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ముందుకు నడిపే వేలిని గాజు మీద అలాగే నొక్కి ఉంచాలి... ఒక నిమిషం పాటు. వేలు తీస్తే కూతురు వెనక్కి తిరుగుతుంది, ఆట అక్కడితో అయిపోతుంది. ఒక్క నిమిషమే కదా అనుకుంటారు. ఫోనులో ఒక్క నిమిషం ఏమీ జరగకుండా వేలు నొక్కి ఉంచడం ఎంత పెద్ద పనో, ఆడి చూస్తే గాని తెలియదు. చాలామంది తీసేస్తారు.

తియ్యనివాళ్లను వదిలేస్తారు. కూతురు నడుస్తుంది. వేపచెట్టు దాటుతుంది. పాడె దించి ఉంటుంది.

గాలి.

అప్పుడు తెర మీద ఒక వాక్యం... *పేరు పెట్టి పిలవండి.*

నొక్కడం కాదు. నిజంగా, నోటితో, ఫోనులోకి పిలవాలి. ఆ పేరే వినబడాలి. అమ్మా అంటే ఆట కదలదు. ఆట మొదట్లో, ఇంటి గుమ్మం దగ్గర తెర మీద కనబడ్డ పేరు... నాగలతా అనాలి. మూడుసార్లు.

పేరు సంగతి మనోజ్ఞ ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాసుకున్నది. పద్ధతి అంటే పద్ధతే అని పట్టుబట్టింది. భవాని ఒకసారి నసిగింది గాని మనోజ్ఞ వినలేదు. మంకుపట్టులో ఆమెకు ఆమే సాటి. పైగా దాని వెనక ఒక తెలివి కూడా ఉంది. మనం అమ్మను పేరు పెట్టి పిలవం. బతికుండగా ఒక్కసారీ పిలవం. ఇక్కడ పిలవాలి. ఆ పేరు నోట్లోంచి వచ్చేసరికి ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది.

జలదరించింది కూడా.

కింద హాస్టల్లో ద్వాలి అని ఒకమ్మాయి ఉంది. కోచింగ్ కాలేజీ పిల్ల, ఇల్లెందు దగ్గర తండా నుంచి వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఫోను చేతికిస్తే ఆడింది. కల్వర్టు దగ్గర పళ్లు బిగించి నిమిషమంతా వేలు తియ్యలేదు. పేరు దగ్గర మాత్రం ఆగిపోయింది. చాలాసేపు కూర్చుని, గొంతు తడుపుకుని, ఒకసారి పిలిచింది. రెండోసారికి ఫోను పక్కన పెట్టేసింది.

"అక్కా... మా అమ్మ పేరు నేను ఎప్పుడూ నోటితోని అనలే" అంది.

వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ చేసుకుంది. ఏం మాట్లాడిందో వినబడలేదు. చాలాసేపు మాట్లాడింది.

భవాని, మనోజ్ఞ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గెలిచామనుకున్నారు. ఎవరినో ఏడిపించి మురిసిపోవడం ఆటలు కట్టేవాళ్ల జబ్బు. కథలు రాసేవాళ్లకూ ఉంటుంది లెండి.

హైదరాబాద్ కంపెనీ వాళ్లూ మెచ్చుకున్నారు. ఆటను వాళ్లే బయటికి తెస్తామన్నారు. వాళ్ల తరఫున నాగచైతన్య అనే అతను ఫోన్ చేశాడు. మంచివాడే. మాట తీరు మెత్తన.

"ఆ పేరు పిలిచే సీన్ ఉంది చూశారూ, మా ఆఫీసులో అందరం ఏడ్చేశాం మేడమ్. ఒక్కటే చిన్న మార్పు. మూడోసారి పిలిచాక ఆమె కళ్లు తెరిస్తే ఎట్లా ఉంటుందంటారు? ఆటన్నాక గెలవాలి కదా."

"తెరవదు."

"పోనీ, చూడలేనివాళ్ల కోసం ఒక స్కిప్ బటన్..."

"ఉండదు."

"సోమవారం సాయంత్రం అయిదింటికల్లా చివరి కాపీ పంపాలి మేడమ్. ఆలోచించండి."

ఆలోచించడానికేమీ లేదు. అమ్మ లేవలేదు. లేచినట్టు చూపిస్తే అది అబద్ధం. రెండేళ్లు ఒక దుప్పటి కింద వణికింది అబద్ధం చెప్పడానికి కాదు.

కాని ఒక్క పని మిగిలి ఉంది. దాన్ని రెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చింది.

నాన్న ఆడాలి.

ఆ రోజు వేపచెట్టు అవతల ఉన్నది నాన్న. ఆమె కట్టింది ఊహ, ఆయన చూసింది నిజం. నాన్న ఆడకుండా ఇది గడప దాటదు... మనోజ్ఞ మొదటి రోజే అనుకున్న మాట అది.

ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని కొత్తగూడెం బస్సెక్కింది.

*

వెంకటప్పయ్య పత్తి చేలో ఉన్నాడు.

నాలుగెకరాల చేను. అవతలి గట్టు నుంచి అడవే. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ అనుకునే మనిషి. కూతుర్ని చూసి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"బస్సుకొచ్చినవా బిడ్డా. తిన్నవా?"

"తిన్న నాన్నా."

రెండు మాటలు అయిపోయాయి.

మద్దిచెట్టు నీడలో కూర్చున్నారు. మనోజ్ఞ ఏమీ వివరించలేదు. వివరిస్తే తన గొంతు తనకే అడ్డం పడుతుందని తెలుసు. ఫోను ఆయన చేతిలో పెట్టి, ఇక్కడ నొక్కితే నడుస్తది అని మాత్రం చెప్పింది.

గాలి వినిపించింది.

ఆయన ముందు ఆకాశం వైపు చూశాడు. తర్వాత ఫోను వైపు.

"గిదేంది... మన బాటనే గదా."

"అవ్ నాన్నా."

ఆయన బొటనవేలు పత్తికాయలు గీరి గీరి బండబారింది. గాజు ఆ వేలిని గుర్తుపట్టనే లేదు. లుంగీకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. మళ్లీ. నాలుగోసారికి ఆటలో కూతురు నడిచింది. ఆయన మొహంలో నవ్వు లేదు, ఏడుపు లేదు. మడక పట్టినప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

"కల్వర్టు కాడి నుంచి యాపచెట్టు గింత దగ్గర గాదు. ఇంకా అవతల."

"మారుస్త."

కల్వర్టు వచ్చింది. ఆడవాళ్లు వచ్చి రెక్కలు పట్టుకున్నారు.  ఆయన వేలు కదల్లేదు. పది సెకన్లు. ఇరవై. ఆయన ఫోను వైపే చూస్తూ అన్నాడు.

"నిన్ను వట్టుకున్నరు. సూసిన. ఎనకకు మర్రి సూసిన నేను."

మూడేళ్లలో ఆ రోజు గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

నిమిషం అయింది. వదిలేశారు. కూతురు నడిచింది.

వేపచెట్టు. దించిన పాడె. గాలి.

*పేరు పెట్టి పిలవండి.*

ఆయన చదివాడు. పెదాలు కదిలిస్తూ, అక్షరం అక్షరం చదివాడు. ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. 

తర్వాత పిలిచాడు.

"మనోజ్ఞా!"

"ఆఁ నాన్నా" అంది మనోజ్ఞ.

ఆయన తల తిప్పలేదు. ఆయన పిలిచింది ఆమెను కాదు.

ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. వెంకటప్పయ్య పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. ఆ ఊళ్లో ఆ ఈడు మగవాళ్లు ఎవరూ పిలవరు. బిడ్డ పుట్టాక బిడ్డ పేరుతోనే పెళ్లాన్ని పిలుస్తారు. గేటు తీస్తూనే మనోజ్ఞా అని కేకేస్తే, వంటింట్లోంచి నాగలత వస్తున్నా అనేది. చిన్నప్పుడు మనోజ్ఞ కూడా ఉరికొచ్చేది. నిన్ను గాదే, నన్ను... అని నవ్వి మళ్లీ ఆటకు పంపేది అమ్మ. కూతుర్ని ఆయన బిడ్డా అనే పిలిచేవాడు. మనోజ్ఞ అనే పేరు కాగితాల్లో కూతురిది, ఆయన నోట్లో మాత్రం పెళ్లానిది.

మూడేళ్లుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ కేకెయ్యలేదు. ఆ సంగతి మనోజ్ఞకు ఇప్పుడు, ఈ చెట్టు కింద, ఈ నిమిషంలో తట్టింది.

"మనోజ్ఞా!"

ఆట కదల్లేదు.

"మనోజ్ఞా... ఓ మనోజ్ఞా..."

ఆట ఎందుకు కదులుతుంది. దానికి కావలసిన పేరు వేరు. తెర మీద అదే వాక్యం మళ్లీ వెలిగింది. మళ్లీ మళ్లీ వెలిగింది. ఆ వాక్యం రాసింది మనోజ్ఞే. దానికి ఎర్రరంగు వేయమన్నదీ మనోజ్ఞే.

ఆయన ఫోను గడ్డిలో పెట్టాడు. లేచాడు. చేలోకి నడిచిపోయాడు.

*

మనోజ్ఞ ఫోను గడ్డిలోంచి తీసి సంచిలో పెట్టింది.

తర్వాత ఆమె కూడా చేలోకి నడిచింది. ఆయన వంగి పత్తి తీస్తున్నాడు. పక్క సాలులో ఆమె కూడా వంగింది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి పత్తి చేనును మించినది లేదు.

"ఆనాడు గూడ గిట్లనే అన్నరు బిడ్డా" అన్నాడు ఆయన. "పేరు వెట్టి పిలువుర అన్నడు మా అన్న. నా నోరు తిరగలే. ఇరవయ్యారేండ్ల సంసారం... ఏనాడన్న గా పేరుతోని పిలిస్తినా? చెవుకాడ కూసున్న. మనోజ్ఞా అన్న. గదే వచ్చింది."

రెండు కాయలు తీశాడు. సంచిలో వేశాడు.

"అందరు నేను నిన్ను తలుసుకుంటున్న అనుకున్నరు. బిడ్డ మీద పానం కొట్టుకుంటుంది పాపం అన్నరు. పక్కకు జరిపిండ్రు. మా అన్న కొడుకు కూసొని పిలిసిండు. మూడుమాట్ల సదివిండు... బడిల హాజరు పిలిసినట్టు."

"మీరు చెప్పలేదా నాన్నా? అమ్మనే పిలుస్తున్న అని?"

"ఏమని చెప్పాలె? సిగ్గనిపించింది. అందరిముంగట."

ఆయన నడుము ఎత్తి నిలబడ్డాడు. అడవి వైపు చూశాడు.

"గామె ఆ పేరుకు పలికేది గాదు బిడ్డా. నా పిలుపుకే పలికేది. నా పిలుపేమో కాదన్నరు."

మనోజ్ఞ చెయ్యి కాయ మీదే ఆగిపోయింది. ఇన్నాళ్లూ పిలవలేకపోయింది తనొక్కతే అనుకుంది. కల్వర్టు దగ్గర ఆగిపోయింది తనొక్కతే అనుకుంది. చెవి దగ్గర కూర్చున్న మనిషినీ పక్కకు జరిపేశారు. ఆ పని ఆ రోజు పెదనాన్న చేశాడు.

ఈ రోజు తను చేసింది.

రెండేళ్లు కష్టపడి, ఫ్యాను కింద కూర్చుని, పద్ధతి ప్రకారం, అందరూ మెచ్చుకునేలా చేసింది.

ఏడుపు వచ్చింది. కాసేపు ఏడ్చింది. ఆయన ఆపమనలేదు. ఆయన అలాంటి మనిషి కాదు.

తర్వాత చున్నీతో మొహం తుడుచుకుని చెట్టు దగ్గరికి పోయింది. లాప్‌టాప్ తెరిచింది. బ్యాటరీ సగం ఉంది. మధ్యాహ్నం పన్నెండయింది. రేపు అయిదింటికి పంపాలి. చాలు.

భవానికి ఫోన్ చేసింది. అంతా చెప్పింది. 

"అయితే మనోజ్ఞ అనే పేరు కూడా కలుపుదామా?" అంది భవాని. "రెండిట్లో ఏదన్నా సరే అని పెడదాం."

"అవును. అదే చేస్తున్న."

"ఆగు మనూ. మీ నాన్నది సరే. ద్వాలి వాళ్ల నాన్న ఏమని పిలుస్తడో? మా అయ్య మా అమ్మను అసలు మాటతోనే పిలవడు. ఈలేస్తడు. గుట్ట మీద నుంచి ఈలేస్తే అమ్మ అన్నం గిన్నె పట్టుకుని బయలుదేరుతది."

మనోజ్ఞ నవ్వింది. కళ్లలో నీళ్లతోనే నవ్వింది. తర్వాత వేళ్లు ఆగిపోయాయి.

ఈల.

ఏమేవ్. ఓయ్. ఇదిగో నిన్నే. గాజుల చప్పుడు చేసి పిలిచేవాళ్లు. దగ్గి పిలిచేవాళ్లు. చిన్నప్పుడెప్పుడో పెట్టిన ముద్దుపేరు. ఎవరి పిలుపు వాళ్లది... ఏ జాబితా సరిపోతుంది?

"పేరే తీసేద్దాం" అంది.

"మొత్తమా?"

"మొత్తం. ఏ మాటైనా సరే. ఈలైనా. ఏడుపైనా. నోరు పెగలకపోతే ఊపిరి చప్పుడైనా సరే. ఆట విన్నది విన్నట్టు ఒప్పుకోవాలి. కాదనకూడదు."

"మనూ, అందరు మెచ్చుకున్నది అదొక్కటే కదనే. అమ్మను పేరు పెట్టి పిలిపించుడు. హైదరాబాద్ వాళ్లు ఏడ్చింది దానికే. అది తీసేస్తే..."

"తెలుసు."

తెలుసు. ఆ ఒక్క సీను కోసమే వాళ్లు ఆటను తీసుకుంటున్నారని తెలుసు. అది తీసేస్తే వద్దంటారేమోనని తెలుసు. రెండేళ్ల పని నీళ్లపాలు కావచ్చని కూడా తెలుసు. తెలిసీ చెరిపింది. కోడులో వరస తర్వాత వరస చెరిపింది. తను ఎంతో ముచ్చటపడి రాసుకున్న నలభై వరసలు.

ఎర్ర వాక్యం చెరిపింది. దాని చోట ఒక్క మాట పెట్టింది.

*పిలవండి.*

వేపచెట్టును ఇంకొంచెం అవతలికి జరిపింది.

నాగచైతన్యకు మెసేజ్ పెట్టింది. అమ్మ లేవదు, స్కిప్ బటన్ లేదు, పేరు పిలిచే నియమం కూడా తీసేశాం, రేపు కాపీ పంపుతాం అని. రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు. ఫోను బోర్లించి పెట్టి పని చేసుకుంది.

గాలి చెట్ల మీద తిరుగుతూనే ఉంది. పత్తి సంచులు గట్టుకు చేరుతున్నాయి. మూడు గంటలయింది.

*

"నాన్నా, ఒక్కసారి మళ్ల ఆడుతరా?"

ఆయన ఆమె మొహం చూశాడు. ఎర్రబడ్డ కళ్లు చూశాడు. చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

ఈసారి వేలు రెండో తడవకే పట్టింది. ఇల్లు. బాట. కల్వర్టు. నిమిషం పాటు వేలు తియ్యలేదు. వేపచెట్టు... ఇప్పుడు సరిగ్గా ఉంది అన్నట్టు తలాడించాడు.

దించిన పాడె. గాలి.

"మనోజ్ఞా" అన్నాడు.

పాడె మీది తెల్లగుడ్డ కొద్దిగా కదిలింది. విన్నట్టు గుర్తు.

ఆయన ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మనోజ్ఞా..."

గుడ్డ కదిలింది.

మూడోసారి పిలుపు ముందు రెండింటిలా రాలేదు. గేటు తీస్తూ పిలిచినట్టు, పొలం నుంచి ఆకలితో వచ్చినట్టు, కొంచెం కోపంగా, చాలా చనువుగా వచ్చింది. ఆ గొంతు మనోజ్ఞ మూడేళ్లుగా వినలేదు. ఆ గొంతు ఉందనే మరిచిపోయింది.

నలుగురు వంగారు. పాడె లేచింది. బాట మీద ముందుకు సాగింది.

ఆయన అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"లెవ్వదా?"

"లెవ్వదు నాన్నా. లేపమన్నరు. నేనే వద్దన్న."

"మంచిగ చేసినవ్. లేసినట్టు సూపెడితే... నేను పనిపాట ఇడిసిపెట్టి రోజు గిదే ఆడుకుంట కూసుంట బిడ్డా."

తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఫోను ఆమె వైపు చాపాడు.

"నువ్వు పిలిసినవా?"

మనోజ్ఞ లాప్‌టాప్ వైపు చూసింది.

స్కిప్ బటన్ ఉండదు అని హైదరాబాద్ వాళ్ల మొహం మీద చెప్పింది నిజమే. కాని తన లాప్‌టాప్‌లో ఒకటి ఉంది. పరీక్షించడానికి పెట్టుకున్న మీట. అది నొక్కితే మూడు పిలుపులూ అయిపోయినట్టు ఆట అనుకుంటుంది. రెండేళ్లలో వందలసార్లు వేపచెట్టు దాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆ మీట నొక్కింది. పిలవడానికని ఇంత కట్టి, పిలవాల్సిన చోట ప్రతిసారీ తప్పుకుంది. ఆ సంగతి భవానికీ తెలియదు.

"లేదు నాన్నా."

"పిలువు మరి."

ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. అంతే. 

మనోజ్ఞ ఫోను తీసుకుంది. మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇల్లు. బాట. కల్వర్టు దగ్గర పెద్దమ్మ ఒక రెక్క పట్టుకుంది, మేనత్త ఒక రెక్క పట్టుకుంది. వేలు గాజు మీద నొక్కి పెట్టింది. ఇది తను కట్టిన ఆటే, ఎన్ని సెకన్లో తనకు తెలుసు... అయినా ఇంకా గట్టిగా నొక్కింది. గోరు తెల్లబడింది. తియ్యలేదు.

వదిలేశారు.

నడిచింది. వేపచెట్టు దాటింది. కూర్చుంది.

*పిలవండి.*

"అమ్మా."

ఎంత మెల్లగా అంటే, పక్కనున్న నాన్నకు కూడా వినబడలేదు. తెల్లగుడ్డ కదిలింది.

"అమ్మా..."

కదిలింది.

ఇంకొక్కటే ఉంది. అది పిలిస్తే నలుగురు వంగుతారు. పాడె లేస్తుంది. పిలవకపోతే పాడె నేల మీదే ఉంటుంది. ఎంతసేపైనా ఉంటుంది. తొందర పెట్టేవాళ్లు ఆ ఆటలో లేరు. ఎంతసేపైనా కూర్చోవచ్చు... అలా రాసింది తనే. ఎందుకు అలా రాసిందో ఇప్పుడు తెలిసింది.

ఎండ వాలుతోంది. అడవి అంచు నుంచి గాలి వచ్చి పత్తిచేను మీదుగా పోయింది. నాన్న ఎటో చూస్తూ కూర్చున్నాడు. లెమ్మనలేదు, చాలనలేదు.

మనోజ్ఞ ఫోను పట్టుకునే లేచి నిలబడింది.

గుండెల నిండా ఊపిరి తీసుకుంది. కూర్చుని చెవిలో పిలిచేది కాదు ఇది. కల్వర్టు దగ్గర ఆగిపోయిన చోటి నుంచి, ఆ రోజు గాలి వెంటే, వేపచెట్టు అవతలి దాకా వినబడాల్సింది.

"అమ్మా!"

పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే నడుములెత్తి ఇటు చూశారు.